చీర పట్టుకుని గుమ్మం దాకా ఎందుకు వెళ్తారు?

దుకాణాల లోపలి అమరికపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో చిన్న వంటగదుల గురించి రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, నేను అనుకోని విధంగా, దుకాణాల గురించే ఉన్నాయి. రాసినవారిలో కొట్టు నడిపేవారూ ఉన్నారు, కొనడానికి వెళ్లేవారూ ఉన్నారు. ఇరవై ఏళ్లుగా దుకాణాల లోపలి పని చేయిస్తున్న నాకు ఈ రెండు వైపుల మాటా ఒకే చోట వినే అవకాశం అరుదు కాబట్టి, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాను.

ప్రశ్న: మాది చీరల షాపు. కిందటేడు పెళ్లిళ్ల సీజనుకు ముందు ట్యూబ్‌లైట్లు తీయించి ఎల్‌ఈడీ ప్యానెళ్లు పెట్టించాం, ఫాల్స్ సీలింగ్ వేయించాం, గోడలకు లేత ఆకుపచ్చ రంగు కొట్టించాం. షాపు కళకళలాడుతోందని అందరూ అన్నారు. కానీ అప్పటినుంచి ‘ఇంటికెళ్లి చూస్తే రంగు వేరేగా ఉంది’ అంటూ చీరలు వెనక్కి తెచ్చేవారు పెరిగారు. చీర పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, ఎండలో చూసుకుని వచ్చేవారు కూడా ఎక్కువయ్యారు. పొరపాటు ఎక్కడ జరిగింది?
— ఒక వ్యాపారి, తెనాలి

జవాబు: జరిగిన పొరపాటేమిటో మీ షాపుకు వచ్చే ఆడవాళ్లే మీకు రోజూ చూపిస్తున్నారు. ఒకావిడ చీర కొంగు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా నడిచిందంటే, లోపలి వెలుతురు మీద ఆమెకు నమ్మకం కలగలేదని అర్థం. ఆ నమ్మకం కలిగించడమే చీరల షాపు అలంకరణలో మొదటి పని అని నా అభిప్రాయం. మిగతా హంగులన్నీ దాని తర్వాతే.

దీపాలు కొనేటప్పుడు మనవాళ్లు ఎన్ని వాట్లు, ఎంత ధర అని రెండే అడుగుతారు. అడగవలసినవి ఇంకో రెండు ఉన్నాయి. మొదటిది కెల్విన్ సంఖ్య. పెట్టె మీద 2700 అనో 3000 అనో ఉంటే అది పసుపు ఛాయ ఉన్న వెలుతురు. 4000 అని ఉంటే ఎటూ మొగ్గని తెలుపు. 6500 అని ఉంటే నీలిఛాయ ఉన్న తెలుపు. షాపు తెల్లగా ధగధగలాడాలన్న కోరికతో మన ఊళ్లలో నూటికి తొంభై మంది ఈ 6500నే పెట్టించుకుంటారు. మీరు పెట్టించినవి కూడా అవే అయి ఉంటాయి. వాటి కింద అరక్కు రంగు కొంచెం ఊదా వైపుకూ, మామిడిపండు రంగు కొంచెం ఆకుపచ్చ వైపుకూ జరిగి కనిపిస్తాయి. అదే చీరను ఇంటికి తీసుకెళ్లి పగటి వెలుతురులోనో, పూజగదిలోని పసుపు బల్బు కిందనో విప్పినప్పుడు అవి తమ అసలు రంగుకు వస్తాయి. ‘షాపులో చూపించింది ఇది కాదు’ అనే మాట పుట్టేది అప్పుడే.

రెండోది సీఆర్‌ఐ. ఒక దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో 100కి ఇన్ని మార్కులని చెప్పే అంకె ఇది. సూర్యరశ్మిని 100గా తీసుకుంటే, మామూలు ఎల్‌ఈడీలు 80 దగ్గర ఉంటాయి. మెట్లకూ వరండాలకూ అది చాలు, బట్టల షాపుకు చాలదు. దీనికి కారణం దీపం తయారీలోనే ఉంది. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నిజానికి నీలి వెలుగునిచ్చే చిన్న చిప్పు. దాని మీద పూసిన పూత ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెలుపుగా అందుతాయి. చవకరకం దీపాల్లో ఈ మిశ్రమంలో ముదురు ఎరుపు చాలా తక్కువ. వెలుతురులో లేని ఎరుపును చీర మాత్రం ఎక్కడినుంచి తెచ్చి చూపగలదు? కుంకుమ, మెరూన్, రాణీ రంగు — పెళ్లిళ్లలో ఎక్కువగా అమ్ముడయ్యే రంగులే ముందుగా చచ్చుబడతాయి. సీఆర్‌ఐ లెక్క కట్టేటప్పుడు 8 రంగుల సగటును తీసుకుంటారు. గాఢమైన ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు, 9వ నమూనాగా విడిగా ఉంటుంది. అందుచేత దీపాలవాడిని సీఆర్‌ఐ 90కి పైన ఉన్నవే ఇమ్మని అడగడంతో సరిపెట్టుకోకుండా, ‘ఆర్‌9 ఎంత?’ అని కూడా అడగండి. అది 50 దాటితే మీ ఎర్ర చీరలు బతికినట్టే.

ఇక గోడల సంగతి. లేత ఆకుపచ్చ కంటికి హాయిగానే ఉంటుంది, కాని గోడ మీద పడిన వెలుతురు ఆ రంగును వెంటబెట్టుకుని తిరిగి వచ్చి మీ బల్ల మీద పరిచిన మీగడ రంగు పట్టు మీద పడుతుంది. పాతకాలపు వస్త్రాల మార్కెట్లలో, రాజమహేంద్రవరం తాడితోట వంటి చోట, పరుపుల మీద మల్లెపువ్వులాంటి తెల్ల దుప్పటి పరిచి చీర విప్పడం చూసే ఉంటారు. శుభ్రత కోసమే ఆ తెలుపు అనుకుంటాం గాని, తెలుపు పక్కన ఏ రంగైనా తన అసలు రూపంలో నిలబడుతుంది. చీర విప్పే చోటుకు ఎదురుగా ఉన్న గోడనైనా తెలుపుకో, చాలా లేత క్రీముకో మార్పించండి.

మీరు రాయకపోయినా మరో విషయం చెప్పాలి, ఎందుకంటే చీరల షాపుల్లో సాధారణంగా జాకెట్టు ముక్కలూ అమ్ముతారు. ఒకసారి ఒక మ్యాచింగ్ సెంటరు పని మీద కౌంటరు పక్కన నిలబడి ఉన్నాను. ఒకావిడ నెమలికంఠం రంగు పట్టుచీర తెచ్చి, కొంగు చివరను నూలు ముక్క మీద ఆనించింది. రెండూ ఒకే తానులోంచి కోసినట్టు కలిసిపోయాయి. ముక్క కోయించబోతూ, అలవాటు కొద్దీ నాలుగడుగులు గుమ్మం వైపు వేసింది. ఎండ పడగానే చీర నీలానికీ, ముక్క ఆకుపచ్చకూ విడిపోయాయి. షాపతను మోసం చేయలేదు, ఆమె కళ్లూ మోసపోలేదు. పట్టుకు వాడే అద్దకం వేరు, నూలుకు వాడే అద్దకం వేరు కావడంతో ఒక వెలుతురులో ఒకటిగా కనిపించే రంగులు మరో వెలుతురులో వేరవుతాయి. ఈ విద్యలో దీన్ని మెటామెరిజం అంటారు. దీనికి పూర్తి మందు లేదు. రెండు మూడు రకాల వెలుతురులో చూపించడం ఒక్కటే మార్గం.

ఇప్పుడు మీరు చేయవలసింది. ప్యానెళ్లన్నీ ఒక్కసారే పీకించి డబ్బు పోగొట్టుకోవద్దు. చీరలు విప్పే చోట పైన మాత్రం 4000 కెల్విన్, 90కి పైన సీఆర్‌ఐ ఉన్న దీపాలు పెట్టించండి. అక్కడ వెలుతురు 500 లక్స్‌కు (ఒక చోట ఎంత వెలుతురు పడుతోందో చెప్పే కొలత ఇది) తగ్గకుండా, నడిచే దారుల్లో 300 దగ్గర ఉంటే సరిపోతుంది. జరీకి మాత్రం వేరే ఏర్పాటు కావాలి: ప్యానెల్ వెలుతురు నలుదిక్కులా పరుచుకుని జరీని చదును చేసేస్తుంది, కొంచెం పక్కనుంచి పడే సన్నని స్పాట్‌లైట్లు రెండు ఉంటే దారం దారం మెరుస్తుంది. కొనేవారి వీపు వెనకనుంచి ఆ దీపాలు పడకూడదు, వాళ్ల నీడే చీర మీద పడుతుంది. చివరగా, గుమ్మం దగ్గర ఒక నిలువుటద్దం, చీర వేసుకునే చిన్న బల్ల పెట్టండి. ‘ఎండలో చూస్తారా అమ్మా’ అని మీ అబ్బాయే ముందుగా అడిగి అక్కడికి తీసుకెళ్లాలి. అక్కడే 3000 కెల్విన్ దీపం ఒకటి స్విచ్చుతో ఉంటే, రాత్రి పెళ్లిపందిట్లో చీర ఎలా ఉంటుందో కూడా అక్కడే తేలిపోతుంది. దీని వల్ల నాలుగు చీరలు అమ్మకం తప్పిపోవచ్చు. ఆ నాలుగూ ఎలాగూ వెనక్కి వచ్చేవే.

ప్రశ్న: మా నాన్నగారి కాలం నుంచి మా కొట్లో పరుపుల మీదే చీరలు చూపిస్తున్నాం. చదువుకుని వచ్చిన మా అబ్బాయి పరుపులు తీసేసి, నిలబడి చూసుకునే కౌంటర్లు, హ్యాంగర్లు పెడదామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఎవరి మాట సరైనది?
— ఒక పాఠకుడు, చీరాల

జవాబు: చీర వరకు మీ మాట, రెడీమేడ్ వరకు మీ అబ్బాయి మాట.

చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు. హ్యాంగరుకు వేలాడదీస్తే కనిపించేది మడతలో బయటికి వచ్చిన ఒక పట్టీ మాత్రమే. గద్వాల చీర తీసుకోండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే చోటు చూడకుండా దాన్ని కొనేవారుండరు. ఉప్పాడ జామ్‌దానీలో బుటా వెనకవైపు ఎంత శుభ్రంగా ఉందో తిరగేసి చూస్తారు. ఇవన్నీ చీర పూర్తిగా విప్పితేనే సాధ్యమవుతాయి. అనుభవం ఉన్న సేల్స్‌మన్ మడత పట్టుకుని విసిరితే, కొంగు సరిగ్గా పెళ్లికూతురి ఎదురుగా వచ్చి పడుతుంది. ఆ ఒక్క క్షణం కోసమే గది కొలతలన్నీ ఉండాలని నేను నా దగ్గర పనిచేసే పిల్లలకు చెబుతుంటాను.

అయితే మీ అబ్బాయి గమనించినది కూడా నిజమే అయి ఉంటుంది: మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నేల మీద కూర్చుని లేవలేక ఇబ్బంది పడుతున్నారు, పిల్లలను ఎత్తుకున్న తల్లులు చెప్పులు విప్పి పైకెక్కడానికి అవస్థ పడుతున్నారు. పెళ్లి బట్టలకు వచ్చినప్పుడు చీర ఎంపికలో చివరి మాట సాధారణంగా ఆ పెద్దావిడదే. ఆమె నొప్పితో కూర్చుంటే పది చీరలకే ‘ఇక చాలు, పదండి’ అంటుంది.

కాబట్టి పరుపును ఉంచి, దాని ఎత్తు మార్చండి. నేలకు 16 నుంచి 18 అంగుళాల ఎత్తులో, 4 అడుగుల వెడల్పుతో అరుగు కట్టించి దాని మీద పరుపు, తెల్ల దుప్పటి వేయండి. చూపించే వ్యక్తి అరుగు మీద కూర్చుంటాడు. కొనేవారు ఎదురుగా, వీపు ఆనించుకునే బెంచీల మీద, చెప్పులు విప్పకుండానే కూర్చుంటారు. బెంచీ వెనక కనీసం 4 అడుగుల దారి వదలండి. వెనకనుంచి వెళ్లేవారి సంచీ వీపుకు తగిలితే కూర్చున్న మనిషి దృష్టి చీర మీద నిలవదు, ఒకటి రెండుసార్లు తగిలితే లేచి వెళ్లిపోతుంది.

ఇంకొక చిన్న ఏర్పాటు చాలా మంది మరిచిపోతారు. నలభై చీరలు విప్పేసరికి గుట్ట పెరిగి, మొదట్లో నచ్చిన చీర అడుగున పడిపోతుంది; దాన్ని వెతికే లోపు అసలు కోరికే చల్లారిపోతుంది. అరుగు పక్కన నడుం ఎత్తులో ఒక అర పెట్టి, ‘నచ్చినవి’ అన్నవాటిని వెంటనే అక్కడికి మార్పించండి. ఆడవాళ్లు తమ ఎంపికను కళ్లెదుట చూసుకుంటూ, ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ, స్థిమితంగా నిర్ణయించుకుంటారు. రోజువారీ చీరలు, కుర్తీలు, రెడీమేడ్ బట్టలు మీ అబ్బాయి చెప్పినట్టు హ్యాంగర్లకు మార్చండి. అక్కడ ఎవరి సాయమూ లేకుండా తామే తీసి చూసుకోవడం కొనేవారికీ ఇష్టమే.

ప్రశ్న: నలభై ఏళ్ల మా కిరాణా కొట్టును ఈ ఏడాది ఏసీ సూపర్‌మార్కెట్‌గా మార్చాం. గాజు తలుపు, పాలిష్ గచ్చు, అన్నీ ప్యాకెట్లలో. ధరలు ఒక్క రూపాయి పెంచలేదు. అయినా కూలి పనులకు వెళ్లే మా పాత ఖాతాదారులు తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి వెళ్లిపోతున్నారు.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరం చదివి బాధ కలిగింది, ఎందుకంటే వాళ్లు వెళ్లిపోవడానికి ధర కారణం కాదు. గాజు తలుపు, చల్లగాలి, అద్దంలాంటి గచ్చు కలిసి ‘ఇది మీలాంటివారికి కాదు’ అని వాళ్లకు చెబుతున్నాయి. మీరు అననిది మీ కొట్టు అంటోంది.

చీటీ ఇస్తే సరుకు కట్టి ఇచ్చే పద్ధతి ఒక్క మన కిరాణా కొట్లలోనే కాదు, ఒకప్పుడు అమెరికాలోనూ ఉండేది. 1916లో మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి ‘పిగ్లీ విగ్లీ’ పేరుతో, కొనేవారే లోపల తిరిగి సరుకు ఏరుకునే దుకాణం తెరిచాడు. ఈనాటి సూపర్‌మార్కెట్‌కు మూలం అదే. ఆ పద్ధతి మన దేశానికి వచ్చినప్పుడు దాన్ని మన అలవాట్లకు వంచవలసి వచ్చింది. 2001లో హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాల్లో మొదలైన బిగ్ బజార్ దుకాణాల్లో వాటి వ్యవస్థాపకుడు కిశోర్ బియానీ ధాన్యాలనూ పప్పులనూ తొట్లలో తెరిచి ఉంచి, సంతలాంటి సందడి కావాలనే కల్పించారు. చేత్తో తాకి చూడందే సరుకు కొనని అలవాటును ఆయన గౌరవించారు.

మీ పాత ఖాతాదారులు బియ్యం ఎలా కొంటారో గుర్తు చేసుకోండి. పిడికెడు తీసి అరచేతిలో పోసుకుని, బొటనవేలితో చెదరగొట్టి నూక ఎంతుందో చూస్తారు. రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికి, పాత బియ్యమో కొత్త బియ్యమో చెబుతారు. ప్యాకెట్‌లో ఇదేమీ కుదరదు. అందుచేత బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండు — ఈ అయిదింటినీ తలుపు దాటగానే ఎదురుగా, మూతి తెరిచిన బస్తాల్లోనో, మోకాలి ఎత్తు తొట్లలోనో పెట్టండి. కొనేవారికి పక్కనుంచి కాక ఎదురుగా అంకెలు కనిపించేలా కాటా పెట్టండి. ధరలు వేలెడంత అంకెలతో, తెలుగులో, తొట్టి మీదే రాయించండి. పగటిపూట వాతావరణం అనుకూలించిన నెలల్లో గాజు తలుపు తెరిచే ఉంచండి. అలా కుదరకపోతే, కనీసం గాజు మీద అతికించిన స్టిక్కర్లు పీకేయండి, లోపల తెలిసిన మనిషి ముఖం కనిపిస్తే అడుగు ముందుకు పడుతుంది. తడి కాళ్లతో జారే గచ్చు మీద గరుకు పట్టీలు వేయించండి. చెప్పులు బయట విప్పి, వట్టి కాళ్లతో బెరుకుగా లోపలికి వచ్చేవారిని నేను చాలా చోట్ల చూశాను. చెప్పులతోనే రావచ్చని ఒక బోర్డు రాయించడానికి ఖర్చేమీ లేదు.

చీటీ తెచ్చేవారి కోసం ఒక మూల చిన్న కౌంటరు కూడా ఉంచండి. ఏరుకోవడం కొందరికి సరదా, కొందరికి పరీక్ష. చదవడం రానివారికి వరసలు వరసలుగా ప్యాకెట్ల మధ్య తిరగడం పరీక్షే. ఒక్క మనవి: బిల్లు కట్టే చోట పసిపిల్లల కంటి ఎత్తులో చాక్లెట్లు వేలాడదీయవద్దు. అమ్మకం పెరుగుతుందని ఎవరైనా సలహా ఇచ్చి ఉంటారు, పెరుగుతుంది కూడా. కాని ఆ రోజు కూలి డబ్బు లెక్కపెట్టుకుంటున్న తల్లి దగ్గర పిల్లవాడు ఏడ్చేలా చేసి సంపాదించే పది రూపాయలు మీకు అక్కర్లేదు.

ప్రశ్న: హైదరాబాద్ ఐకియాకు వెళ్లినప్పుడు, ఒక దీపం కొందామని లోపలికి అడుగుపెడితే గదుల తర్వాత గదులు చూసుకుంటూ రెండు గంటలు నడిచాం. దారి అలా మెలికలు తిప్పడం వెనక ఉద్దేశం ఏమిటి?
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో తెరిచిన ఆ దుకాణం మన దేశంలో ఐకియాకు మొదటిది. సుమారు 4 లక్షల చదరపు అడుగుల కట్టడం, లోపల 1000 మంది కూర్చునే భోజనశాల. ఆ సంస్థ తన పెద్ద దుకాణాల్లో సాధారణంగా అనుసరించే పద్ధతి ఇదే: ముందు పూర్తిగా అమర్చిన గదులు, తర్వాత విడి సామాను, ఆ తర్వాత గోడౌను, చివర బిల్లు. విడిగా చూస్తే అవసరం లేదనిపించే దీపం, పక్కన మంచం, కర్ర బీరువా, కింద చాప ఉన్న గదిలో చూస్తే ‘మన ఇంట్లో కూడా ఇలా ఉంటే’ అనిపిస్తుంది. మీరు కొనాలనుకోనివి కూడా మీ కంటపడాలన్నది ఆ దారి ఉద్దేశం, అందులో రహస్యమేమీ లేదు. నడిచి అలసిన చోట తిండి దొరకడం కూడా అమరికలో భాగమే.

ఇలా కొనేవారు తమ పని మరిచి తిరుగుతూ ఉండిపోయే స్థితికి విక్టర్ గ్రూయెన్ పేరు మీద ‘గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్’ అని పేరు పెట్టారు. వియన్నాలో పుట్టి అమెరికా వలస వెళ్లిన ఆ ఆర్కిటెక్ట్ 1956లో మిన్నెసోటా రాష్ట్రంలో సౌత్‌డేల్ సెంటర్‌ను నిర్మించారు. పూర్తిగా కప్పు కింద, చలికీ ఎండకూ సంబంధం లేకుండా కట్టిన మాల్‌లకు అది ఆద్యం. వియన్నా వీధి కూడళ్లలో లాగా జనం కలుసుకుని కబుర్లు చెప్పుకునే చోటు కావాలన్నది ఆయన కల. అది కొనుగోళ్ల యంత్రంగా మారిన తీరు చూసి తర్వాతి కాలంలో ఆ మాల్‌లు తనవి కావని ఆయనే తోసిపుచ్చారు. ఆయన పేరు చివరికి ఆయన కోరని దానికే మిగలడం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది.

దారి మెలికలు తిరగడాన్ని నేను తప్పు పట్టను. బయటపడే దారి కనిపించకుండా చేయడాన్ని తప్పు పడతాను. ఐకియాలో అడ్డదారులు ఉన్నాయి, పటంలో గుర్తించి ఉంటాయి. మీకు కావలసింది దీపమే అయితే, లోపలికి వెళ్లగానే పటం ముందు ఒక్క నిమిషం ఆగండి.

ప్రశ్న: మా రెడీమేడ్ షాపులో పాటలు పెట్టడం వల్ల అమ్మకాలు పెరుగుతాయా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రొనాల్డ్ మిల్లిమన్ అనే పరిశోధకుడు 1982లో ప్రచురించిన అధ్యయనాన్ని చాలా మంది చూపిస్తారు: అమెరికాలోని ఒక సూపర్‌మార్కెట్‌లో వేగంగా సాగే సంగీతం వినిపించిన రోజులతో పోలిస్తే, నెమ్మదైన సంగీతం వినిపించిన రోజుల్లో జనం నిదానంగా నడిచారు, అమ్మకాలు 38 శాతం ఎక్కువగా నమోదయ్యాయి. అది ఒక ఊరి సంగతి, తోపుడుబండితో ఒంటరిగా తిరిగేవారి సంగతి. మన షాపులకు నలుగురు కలిసి వస్తారు, మాట్లాడుకుంటూ కొంటారు. వాళ్లు గొంతు పెంచవలసినంత ధ్వని ఉంటే ఆ పాట ఎంత మంచిదైనా అడ్డే. షాపు తలుపు బయట రోడ్డు వైపు స్పీకరు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. పక్క కొట్టువారికీ, మీ దగ్గర పన్నెండు గంటలు నిలబడే పిల్లలకూ అది శిక్ష.

ప్రశ్న: వాస్తు ప్రకారం గల్లాపెట్టె ఉత్తరం వైపు తెరుచుకోవాలంటున్నారు. అలా పెడితే మా కౌంటరు గుమ్మానికి అడ్డంగా వస్తోంది.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ నమ్మకాన్ని వదులుకోనక్కర్లేదు, కౌంటరును గుమ్మానికి అడ్డంగానూ పెట్టనక్కర్లేదు. కౌంటరు గోడ వారగా ఉంచి, అందులో గల్లా సొరుగును మాత్రం ఉత్తరం వైపుకు తెరుచుకునేలా వడ్రంగి చేత చేయించవచ్చు. ఇలాంటివి నేను చాలా చేయించాను. చూసుకోవలసింది మూడు విషయాలు: గల్లా దగ్గర కూర్చున్న మనిషికి గుమ్మం కనిపించాలి, డబ్బు కట్టేవారి వరస లోపలికి వచ్చేవారికి అడ్డు రాకూడదు, చేతిలో సంచీలు దించుకోవడానికి కౌంటరు ముందు ఒక జానెడు వెడల్పు పలక ఉండాలి. దిక్కుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. ఉత్తరం చూసే షాపులోకి సంవత్సరంలో ఎక్కువ రోజులు నేరుగా ఎండ పడదు, వెలుతురు పొద్దంతా నిలకడగా ఉంటుంది. బట్టలవారికి అంతకంటే మంచి దిక్కు లేదు. పడమర వైపు గాజు అద్దం వెనక బొమ్మలకు పట్టుచీర కట్టి నెలల తరబడి ఉంచేవారు మాత్రం మడత విప్పి చూసుకోండి, మధ్యాహ్నపు ఎండ పడిన మేర రంగు వెలిసి ఉంటుంది.

ప్రశ్న: మా అత్తగారు రెండేళ్లుగా చక్రాల కుర్చీలో ఉన్నారు. పండక్కి తన చీర తానే ఎంచుకోవాలని ఆవిడ ఆశ. మేము ఎప్పుడూ వెళ్లే షాపుకు రెండు మెట్లున్నాయి. ‘కారు దగ్గరికే చీరలు తెస్తాం’ అన్నారు. ఆవిడ వద్దని తిరిగి వచ్చేశారు. ఆ యజమాని మంచివాడే. ఆయనకు ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ అత్తగారు కోరింది చీర ఒక్కటే కాదు, నలుగురిలో కూర్చుని చీర విప్పించుకోవడం. కారులో అది దొరకదు. ఆమె తిరిగి రావడం నాకు బాగా అర్థమైంది.

ఆ యజమానికి లెక్క చెప్పండి. ర్యాంపు వాలు 1కి 12 ఉండాలన్నది స్థిరపడిన కొలత: ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. మెట్టు 6 అంగుళాలు అనుకుంటే, రెండు మెట్లకు అడుగు ఎత్తు, అంటే 12 అడుగుల ర్యాంపు. మోటారు సైకిళ్లు ఎక్కించడానికి ఇళ్ల ముందు వేసే నిటారు వాలు దీనికి పనికిరాదు. దాని మీద కుర్చీ వెనక్కి పడిపోతుంది. ముందు అంత చోటు లేకపోతే గోడ వెంట పక్కకు తిప్పవచ్చు, మలుపు దగ్గర 5 అడుగుల సమతలం వదలాలి. పక్కకూ చోటు లేకపోతే, మడిచి లోపల పెట్టుకునే అల్యూమినియం ర్యాంపులు దొరుకుతాయి. వాటికీ పొడవు లెక్క ఇదే, పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు ఉండాలి. తలుపు తెరిచాక మిగిలే దారి 900 మిల్లీమీటర్లు, అంటే సుమారు 3 అడుగులు ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జనం వచ్చిపోయే భవనాలు, ప్రైవేటువి కూడా, వారికి అందుబాటులో ఉండాలని చెబుతోంది. అయితే మంచివాడైన ఆ యజమానికి మీరు చట్టం కంటే ముందు టేపు చూపించడమే మేలు.

లోపలికి వచ్చాక కూడా ఒక కొలత మిగిలి ఉంటుంది. చీర చూపించే బల్ల నడుం కంటే ఎత్తుగా ఉంటే, కుర్చీలో ఉన్నవారికి దాని అంచు తప్ప మరేమీ కనిపించదు. బల్లలో ఒక్క భాగాన్ని 30 అంగుళాల ఎత్తుకు దించి, కింద మోకాళ్లు పట్టేలా ఖాళీ వదిలితే, కుర్చీని నేరుగా బల్ల కిందికి తోసుకోవచ్చు. చీర కొంగు ఆవిడ ఒళ్లోకే వచ్చి పడుతుంది.